స్టీరింగ్ మీద మూడో చెయ్యి

రవాణా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వస్తుంటారు. లైసెన్సుల గురించీ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల గురించీ నన్ను అడగరు. అవి వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. టీ తాగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, లేచే ముందు అడుగుతారు: యాక్సిడెంట్ అయిన బండి దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు మీకు ఎట్లా అనిపించింది సార్ అని. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అంటే రోడ్డు మీద లారీలు ఆపే మనిషిగానే జనానికి గుర్తు. ఆ పని నేనూ చేశాను. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు ఉద్యోగం వేరే ఉంది. ప్రమాదం జరుగుతుంది. శవాన్ని దవాఖానాకు తీసుకుపోతారు. జనం వెళ్ళిపోతారు. ఆ తర్వాత మనం వెళ్ళి, చచ్చినవాడో చంపినవాడో కూర్చున్న సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి, స్టీరింగ్ తిప్పి, తప్పు బండిదో మనిషిదో చెప్పాలి. ఆ ఒక్క మాటను పట్టుకుని ఒక కుటుంబం కొన్నేళ్ళు బతకాల్సి వస్తుంది.

మా నాన్న ఖమ్మంలో లారీలకు కింద బరువు మోసే కమాన్ పట్టీలు మార్చేవాడు. మా తాతది కొలిమి. బండ్ల మధ్యనే పెరిగాను కాబట్టి ఈ పని నాకు సులువవుతుందనుకున్నాను. రిపేరుకు వచ్చిన బండి వేరు, మనిషిని పోగొట్టుకున్న బండి వేరు అని మొదటి నెలలోనే తెలిసింది.

సీటు జరపవద్దు

నాకు పని నేర్పిన పైఅధికారి కృష్ణమూర్తి గారు. కోపిష్టి. నవ్వగా నేను చూడలేదు. ఆయనతో వెళ్ళిన తొలి కేసు కూసుమంచి అవతల. ఒక జీపు కాలువలోకి దిగి ఇద్దరు చనిపోయారు. యజమాని దగ్గర జీతానికున్న డ్రైవరు, నడిపింది నేనేనని ఒప్పుకుని స్టేషన్లో కూర్చున్నాడు. నేను హడావిడిగా జీపు ఎక్కి, కాళ్ళు ఇరుకై, సీటు వెనక్కి జరపబోయాను. కృష్ణమూర్తి గారు నా భుజం పట్టుకుని ఆపారు. ఎట్లా ఉందో అట్లాగే కూర్చోమన్నారు.

కూర్చున్నాను. నా మోకాళ్ళు స్టీరింగ్‌కు తగిలాయి. ఒప్పుకున్న డ్రైవరు నాకంటే పొడుగు. ఆ సీట్లో ఆఖరున కూర్చున్నవాడు పొట్టి మనిషో, ఎదగని పిల్లవాడో అయ్యుండాలి. ఆ మాట పోలీసులకు చెప్పి వచ్చేశాం. బడికి పోయే యజమాని కొడుకు నడిపాడని తర్వాత తేలింది. జీతగాడు ఇంటికి పోయాడు. నేను మాత్రం ఆ జీపు ఎక్కిన పూట అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. పీట మీద కూర్చున్నా సరే, మోకాళ్ళకు ఆ స్టీరింగ్ తగులుతూనే ఉన్నట్టనిపించింది.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో సంగతి: డ్రైవరును ఏం చూశావని ముందు అడగకూడదు, ఏం విన్నావని అడగాలి. చూసిన దాని మీద నలుగురూ నాలుగు మాటలు చెప్పి మార్చేస్తారు. చెవిన పడింది అంత తొందరగా మారదు. ఆయనలో నాకు నచ్చనిదీ ఒకటుంది. బండిని స్టేషన్ ఆవరణ దాటించేవారు కాదు. అక్కడే స్టార్ట్ చేసి, అక్కడే తిప్పి, అక్కడే ఆపి, యంత్రలోపం లేదని రాసేవారు. చల్లగా ఉన్న బండి అబద్ధం చెప్తుంది. ఈ విషయంలో ఆయన దారిన పోవద్దని ప్రతి ఒక్కరికీ చెప్తాను.

ములకలపల్లి దారిలో పికప్

నేను రిటైర్ కాబోయే ముందు, మిరపకాయల సీజన్లో జరిగింది ఇది. ములకలపల్లి వైపు అడవి అంచున ఒక గిరిజన గూడెం. అక్కడ సమ్మయ్య, నాగేశ్ అని అన్నదమ్ములు. ఇద్దరూ కలిసి పాత పికప్ ఒకటి కొనుక్కుని చుట్టుపక్కల రైతుల మిరప బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు కిరాయికి తోలేవారు. నడిపేది తమ్ముడు నాగేశ్. అన్న సమ్మయ్యకు డ్రైవింగ్ రాదు. ఎప్పుడూ పక్క సీటే. ఒకరోజు బస్తాలు దింపి, ఖాళీ బండితో తిరిగొస్తూ, ఎండవేళ, అడవి మధ్య కుడివైపు తిరిగే మలుపులో బండి రోడ్డు ఎడమ అంచు దాటి పల్లంలోకి ఒరిగిపోయింది. సమ్మయ్య బయటికి విసిరేసినట్టు పడి, బండి కింద నలిగి అక్కడే చనిపోయాడు. నాగేశ్‌కు గీతలు తప్ప దెబ్బల్లేవు.

తాగలేదని రక్తపరీక్షలో తేలింది కాబట్టి నిద్రపోయి ఉంటాడని అందరూ అనుకున్నారు. నేను వెళ్ళేసరికి నాగేశ్ స్టేషన్ అరుగు మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి. ఎడమ మణికట్టు మీద గోళ్ళతో గీరిన గాట్లున్నాయి. ఏం విన్నావని అడిగాను. అప్పటిదాకా అతన్ని ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. నా మొహంలోకి చూసి చెప్పాడు.

"ఏడుపు వినవడ్డది సార్. సన్నగ, ఆడమనిషి ఏడ్సినట్టు. అన్న గూడ విన్నడు. ఏందిరా అన్నడు. గంతలనే స్టీరింగ్ బండరాయి లెక్కయింది. నేను కుడిదిక్కు తిప్పుతున్న, రాలే. ఎవరో ఎడమదిక్కు గుంజుతున్నరు. నా శక్తికి ఆగలే."

గుంజింది మీ అన్నేమో అన్నాను. కాదన్నాడు. అన్న గట్టిగా అరుస్తూ ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడట. మణికట్టు మీద గాట్లు ఎట్లా పడ్డాయో తనకు తెలియదన్నాడు. పక్కనున్న వాళ్ళెవరూ నవ్వలేదు. ఒకరు లేచి దూరంగా జరిగి కూర్చున్నారు.

పికప్‌ను జేసీబీతో లేపి స్టేషన్ ఆవరణలో పెట్టారు. ముందు అద్దం లేదు. ఎడమ తలుపు మూతపడక తాడుతో కట్టారు. ఇంజనూ ముందు చక్రాలూ బాగానే ఉన్నాయి. పవర్ స్టీరింగ్ నూనె కొంచెం తగ్గింది. బండి పక్కకు పడి ఉన్నప్పుడు కారిందనుకుని నింపించాను. పొద్దున్నే చల్లటి పూట స్టార్ట్ చేశాను. స్టీరింగ్ ఒక్క వేలితో తిరిగింది. బజారు చివరిదాకా పోయి వచ్చాను. ఏ లోపమూ లేదు. ఇంకొకరైతే అక్కడితో ముగించేవారు. నన్ను ఆపింది ఆ ఏడుపు. నిద్రపోయినవాడు తప్పించుకోవడానికి చెప్పే కట్టుకథల్లో సాధారణంగా ఎదురుగా ఆవో, లారీయో వస్తుంది. ఏడుపు రాదు.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి, బండి తెలియని వాళ్ళ కోసం. పవర్ స్టీరింగ్ అంటే ఇంజనుతో తిరిగే చిన్న పంపు. అది నూనెను ఒత్తిడితో పంపి, చక్రాలు తిప్పే బరువును తాను మోస్తుంది. పంపు పని మానేస్తే స్టీరింగ్ తెగిపోదు, చక్రాలు మన మాట వింటూనే ఉంటాయి. అంతదాకా ఎవరో మోసిన బరువంతా ఒక్కసారిగా మన చేతుల మీద పడుతుంది. బలమంతా పెడితే తిరుగుతుంది. అలవాటు లేని మనిషికి మాత్రం అది బిగుసుకుపోయినట్టే ఉంటుంది.

బరువెక్కడం నాకు అర్థమైంది. గుంజడం అర్థం కాలేదు. పంపు ఆగితే స్టీరింగ్ మొండికేస్తుంది కానీ ఎదురు లాగదు.

రెండోసారి

ఆ మధ్యాహ్నమే మళ్ళీ బయల్దేరాను. నాతో కానిస్టేబుల్ సైదులును పంపారు. బలమైన మనిషి, పెద్ద చేతులు, కుడి వేలికి రాగి ఉంగరం. రావడం ఇష్టం లేదని చెప్పలేదు, కానీ ఎక్కే ముందు జేబులోంచి నిమ్మకాయ తీసి ముందు చక్రం కింద పెట్టాడు. ఆ మలుపు గురించి అప్పటికే పుకారు లేచింది. అక్కడ చెట్టుకు ఎర్రగుడ్డ కట్టారు. కొబ్బరికాయలు కొడుతున్నారు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ దారిన పోయిన ఆటోవాళ్ళు, మాకూ ఏడుపు వినిపించేదని ఇప్పుడు చెప్తున్నారు.

ఆ రోజు అన్నదమ్ములు ఎటు నుంచి వచ్చారో అటు నుంచే రావాలని, కొత్తగూడెం వైపు చాలాదూరం పోయి, ఎండలో బండి బాగా కాగనిచ్చి వెనక్కి తిప్పాను. అద్దం లేకపోవడంతో గాలి మొహానికి కొడుతోంది. బండిలో మిగిలిన మిరప ధూళి లేచి ఇద్దరికీ కళ్ళు మండుతున్నాయి. అడవి మొదలయ్యాక వేగం తగ్గించాను, గాలీ తగ్గింది. టేకాకులు రాలే కాలం. ఇంజను హోరూ, రోడ్డు మీద ఆకులు చక్రాల కింద పొడి అవుతున్న చప్పుడూ తప్ప ఏమీ లేదు. ఎక్కడో ఇప్పపూల వాసన. ఒక్క బండీ ఎదురు రాలేదు. సైదులు మాటలు ఆపేశాడు.

మలుపు ఇంకా కనబడకముందే మొదలైంది. మొదట నా చెవిలోనే అనుకున్నాను. సన్నగా, గోడ అవతల ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నట్టు. స్టీరింగ్ కొంచెం పక్కకు తిప్పితే ఆ ఏడుపు పెరిగింది. వదిలితే తగ్గింది. దాని అర్థం నా బుర్రకు అందుతోంది, పంపుకు నూనె అందడం లేదని. అయినా వీపు మీద చెమట చల్లబడింది. తెలిసీ భయపడవచ్చని ఆ రోజే తెలుసుకున్నాను.

మలుపు వచ్చింది. ఏడుపు తెగిపోయింది. స్టీరింగ్ రాయి అయింది.

నేను దానికి సిద్ధంగా ఉన్నాను. వేగం తక్కువే. భుజాలు ఆనించి బలమంతా పెట్టి కుడికి తిప్పాను. వస్తోంది. బరువుగా, నెమ్మదిగా, కానీ వస్తోంది. సగం తిరిగాక ఆగిపోయింది. ఆగి, ఎదురు తిరిగింది. నా రెండు చేతుల కింద నుంచి స్టీరింగ్ ఎడమకు పోవడం మొదలైంది. నేను లాగితే అటువైపు నుంచీ లాగుతోంది. అది యంత్రం పట్టు కాదు. యంత్రం ఒకే బలంతో లాగుతుంది. ఇది నేను బలం పెంచితే తానూ పెంచుతోంది. కళ్ళ ముందు రోడ్డు అంచు దగ్గరవుతోంది. ఆ క్షణం నేను చదివిన చదువూ, చేసిన ఉద్యోగమూ అన్నీ పోయాయి. నాగేశ్ నమ్మినదే నేనూ నమ్మాను.

బ్రేకు తొక్కాను. ఎడమ చక్రం మట్టి అంచు ఎక్కి ఆగింది. ఇంజను ఆగిపోయింది. అప్పుడు తల దించి చూశాను.

స్టీరింగ్ మీద మూడో చెయ్యి ఉంది. పెద్ద చెయ్యి. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. ఉంగరం నా ఎడమ మణికట్టులోకి దిగి రక్తం వస్తోంది. సైదులు ఎదురుగా అడవిలోకి చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

"సైదులూ, చెయ్యి తియ్."

"ఏ చెయ్యి సార్?" అన్నాడు.

అబద్ధం ఆడుతున్న మనిషి గొంతు కాదది. నేను అతని చేతిని చూపించాను. అతను చూశాడు. తనది కానట్టు చూశాడు. తీయాలని ప్రయత్నించినా వేళ్ళు వెంటనే విడలేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. తర్వాత తలుపుకు కట్టిన తాడు విప్పి, దిగి, రోడ్డు పక్కన ఆకుల్లో కూర్చుని ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఆ మలుపంటే అతనికున్న భయం అప్పుడు పోయినట్టుంది. తన చెయ్యి అంటే మాత్రం భయం పట్టుకుంది. నేను పట్టుకోలేదు సార్, నిజంగా పట్టుకోలేదు అని బండి చల్లారాక తిరిగి వచ్చే దారంతా అంటూనే ఉన్నాడు. నేను అతని మాట నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

మర్నాడు మెకానిక్‌తో నూనె డబ్బా నుంచి పంపుకు పోయే రబ్బరు పైపు విప్పించి నిలువునా కోయించాను. బయటికి కొత్తదానిలా ఉంది. ఎక్కడో రోడ్డు పక్క షెడ్డులో మార్పించిన నాసిరకం పైపు. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. నూనె చల్లగా ఉన్నంతసేపూ అది గోడకు అంటుకుని ఉంటుంది. నూనె కాగి పల్చబడి, దూరం పోయాక, మెత్తబడి లేచి దారి మూసేస్తుంది. పంపు నూనె కోసం గుంజుకుంటూ ఏడుస్తుంది. బండి చల్లారితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

యంత్రలోపం ఉందని రాశాను. నాగేశ్ మీద కేసు నిలబడలేదు. సైదులు చెయ్యి గురించి ఎక్కడా రాయలేదు. బండి ఏం చేసిందనే మమ్మల్ని అడుగుతారు, పక్క సీటు మనిషి ఏం చేశాడని అడిగే గడి మా ఫారంలో ఏదీ లేదు.

గూడెంలో

అక్కడితో నా పని అయిపోయినట్టే. కొన్నాళ్ళకు సైదులు ఫోన్ చేసి ఒక మాట చెప్పాడు. నాగేశ్ ఇల్లు కదలడం లేదట. అన్నను ఆ మలుపులో ఉన్నదానికి తానే అప్పగించి వచ్చానని తనలో తాను అంటున్నాడట. సమ్మయ్య భార్య ముత్తమ్మ మరిదితో మాట మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ అతనికి కూడు కూడా పెట్టడం లేదట, పక్కింటివాళ్ళు పెడుతున్నారట. కేసు పోయినా ఆమెకు మాత్రం అతను నిద్రపోయినవాడే.

ఒక ఆదివారం మోటారు సైకిల్ మీద వెళ్ళాను. ఇట్లా ఇళ్ళకు పోవడం మా పనిలో లేదు. పోవద్దనే కొత్తవాళ్ళకు చెప్తాను, పోయినందుకు నాకు విచారం లేకపోయినా. నాగేశ్ మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. ముత్తమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, పని చేసుకుంటూనే ఉంది. నేను నాగేశ్‌తో మాట్లాడుతున్నట్టుగా, ఆమెకు వినబడేలా పైపు సంగతి చెప్పాను. ఏడ్చింది పంపు అని చెప్పాను. నిద్రపోలేదని చెప్పాను.

నాగేశ్ లేచి కూర్చున్నాడు.

"మరి గుంజిందెవరు సార్?"

ఇక్కడ ఏం చెప్పాలో దారిలో చాలాసేపు ఆలోచించుకున్నాను కానీ తేల్చుకోలేదు. చనిపోయినవాడి వైపు వేలు చూపడానికి నాకేం హక్కు? చెప్పకపోతే బతికున్నవాడు ఆ మలుపులోనే ఉండిపోతాడు. చివరికి సమ్మయ్య పేరు ఎత్తకుండా, నాకు ఏం జరిగిందో అది మాత్రం చెప్పాను. సైదులు చెయ్యి, అతను ఎదురుగా చూస్తుండటం, ఏ చెయ్యి సార్ అనడం. మణికట్టు మీద మానుతున్న ఉంగరం గాటు చూపించాను. నాగేశ్ తన మణికట్టు చూసుకున్నాడు. వాకిట్లో ముత్తమ్మ చేతులు ఆగిపోయాయి.

"అవ్ సార్," అన్నది ఆమె, అటు తిరిగే. "అది ఆయన చెయ్యే. పిడుగు వడ్డా, పాము కనవడ్డా, ఏది అందితె దాన్ని తనదిక్కు గుంజుకునేటోడు. పిల్లలను గూడ గట్లనే గుంజుకునేటోడు. జబ్బలు కమిలిపోయేటియి. ఎందుకట్ల గుంజినవంటె, నేనేడ గుంజిన అనేటోడు."

నాగేశ్ ఆమె వైపు తిరిగాడు.

"నాకు తెల్వదు వదినా. దయ్యమనుకొని ఇంక గట్టిగ గుంజిన. అన్న చెయ్యని తెలిస్తె గట్ల కొట్లాడకపోదును."

ముత్తమ్మ లేచి చేతులు దులుపుకుంది. వాళ్ళ భాషలో అతనితో ఏదో అన్నది. చిన్న మాట, నాకు అర్థం కాలేదు. అర్థం అడగలేదు. అతను లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని చేతులు కడుక్కున్నాడు. లోపల గిన్నెల చప్పుడైంది. ఆమె అతనికి అన్నం పెడుతోందని తెలిసి, నేను వెళ్ళొస్తానని చెప్పకుండానే వచ్చేశాను.

కొత్తవాళ్ళకు

స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కితే భయపడకండి, అది తెగిపోలేదు. యాక్సిలరేటర్ వదలండి. రెండు చేతులా గట్టిగా పట్టి తిప్పండి, తిరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ ఇంకా బరువవుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఇంజను ఆపవద్దు, ఆపితే బ్రేకు కూడా బిగుసుకుంటుంది. వింత చప్పుడు వినబడిన రోజే బండిని షెడ్డుకు తీసుకుపొండి. ఏదన్నా అయితే స్టీరింగ్ ముట్టుకోవద్దని పక్కన కూర్చున్న మనిషికి ముందే చెప్పండి. ఇది బడిలో కూడా నేర్పాలని నా అభిప్రాయం. చెప్పినా ఎంత ఉపయోగమో మాత్రం చెప్పలేను.

ఎందుకంటే, మా అమ్మాయి భద్రాచలం దగ్గర టీచరు. పోయిన వేసవిలో తన కారులో నన్ను అటు తీసుకెళ్ళింది. తనే నడుపుతోంది, బాగా నడుపుతుంది. ములకలపల్లి దారిలోనే, ఆ మలుపు కాదు, వేరే మలుపులో రోడ్డు మీదికి కోతి దూకింది. తను నెమ్మదిగా తప్పించి, మాట తెగకుండా ముందుకు పోనిచ్చింది. నేనూ కులాసాగానే వింటున్నాను. కాసేపటికి మాట మధ్యలో ఆపి, ఏంది నాన్నా అని అడిగింది.

చూసుకున్నాను. నా కుడిచెయ్యి ఒళ్ళో లేదు. స్టీరింగ్‌కు జానెడు దూరంలో, గాల్లో, వేళ్ళు సగం ముడుచుకుని ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు.